ఎండెమిక్ అంటే చెట్టుకు జబ్బా? ఒక శాస్త్ర పదం అర్థం, పుట్టుక గురించి సందేహం

ప్రశ్న: చంద్రగిరి బడిపంతులు

అందరికీ నమస్కారం. నేను చంద్రగిరి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం బోధిస్తాను. గత నెలలో తొమ్మిదో తరగతి పిల్లలను శ్రీవారి మెట్టు దారిలో కొండ ఎక్కించి, దారి పక్కన కనిపించిన చెట్లను పేరుపేరునా పరిచయం చేశాను. ఎర్రచందనం చెట్టు దగ్గర ఆగి, ఇది మన శేషాచలం కొండలకూ, వాటిని ఆనుకొని ఉన్న తూర్పు కనుమల దక్షిణ భాగానికీ ఎండెమిక్ అయిన చెట్టు అని చెప్పాను. వెంటనే ఒక పిల్లవాడు చెయ్యెత్తి, "సార్, కరోనా ఎండెమిక్ అయిందని మా నాన్న పేపర్లో చదివి చెప్పాడు. ఈ చెట్టు కూడా ఎండెమిక్ అంటే దీనికీ జబ్బు ఉన్నట్టా?" అని అడిగాడు. పక్కనున్న అమ్మాయి, ఎండ బాగా తగిలే చోట పెరుగుతుంది కాబట్టి ఆ పేరు వచ్చి ఉంటుందని తన ఊహ చెప్పింది.

అవి రెండూ వేరువేరు అర్థాలని ఆ క్షణానికి చెప్పి ముందుకు నడిచానే కానీ, ఒకే మాటకు ఆ రెండు అర్థాలు ఎలా వచ్చాయో నాకే తెలియదన్న సంగతి మెట్లు దిగేదాకా మనసులో మెదులుతూనే ఉంది. మరునాడు ఉపాధ్యాయుల గదిలో ఈ మాట ఎత్తితే, ఎండ్ అంటే అంతం కనుక జబ్బు అంతమయ్యే దశను ఎండెమిక్ అంటారని ఒక సహోద్యోగి అన్నారు. అది నాకు సరిగా తోచలేదు, ఎందుకంటే ఎర్రచందనం విషయంలో ఆ అర్థం ఏ రకంగానూ పొసగదు.

ఇక తెలుగు సంగతి. ఒక పుస్తకంలో 'స్థానిక జాతి' అని, ఇంకొక దానిలో 'స్థానీయ జాతి' అని, మరొక చోట 'దేశీయ జాతి' అని చూశాను. స్థానికం అనగానే పిల్లలకు స్థానిక ఎన్నికలు, స్థానికులు గుర్తుకు వస్తారు. పైగా వేప కూడా స్థానికమే, మామిడి కూడా స్థానికమే కదా, అప్పుడు ఎర్రచందనానికి ప్రత్యేకత ఏముంది? ఈ పదం అసలు అర్థం, అది పుట్టిన విధం, దానికి తగిన తెలుగు మాట తెలిసినవారు దయచేసి వివరించగలరు.

జవాబు: వృక్షశాస్త్ర పరిశోధక విద్యార్థిని, తిరుపతి

మాస్టారికి నమస్కారం. నేను శేషాచలం మొక్కల మీదే పనిచేస్తున్నాను కాబట్టి జీవశాస్త్రంలో ఈ మాటను ఎలా వాడతామో చెబుతాను. పుట్టుక గురించి నాకన్నా బాగా చెప్పగలిగినవారు ఇక్కడ ఉన్నారు.

ఒక మొక్కను గాని జంతువును గాని ఒక ప్రాంతంతో కలిపి చెప్పేటప్పుడు మేము రెండు సంగతులు వేరుగా చూస్తాము. అది మనుషుల ప్రమేయం లేకుండా సహజంగా అక్కడ ఉన్నదా, మనుషులు తెచ్చినందువల్ల వచ్చినదా అన్నది మొదటిది. సహజంగా ఉన్నదైతే, ఇతర చోట్ల కూడా అలాగే సహజంగా ఉన్నదా, లేక అక్కడ మాత్రమే ఉన్నదా అన్నది తరువాతిది. దీనిని తెలుగులో చెప్పడానికి కొత్త పదమే అక్కరలేదని నాకు ఒక్కొక్కప్పుడు అనిపిస్తుంది. సీతాఫలం ఇక్కడికి వచ్చినది. వేప ఇక్కడిది. ఎర్రచందనం ఇక్కడిదే. మన భాషలో చివరనున్న ఆ ఒక్క 'ఏ' చేసే పనినే ఎండెమిక్ అన్న మాట చేస్తుంది.

సీతాఫలం పేరు విని చాలామంది ఆశ్చర్యపోతారు. మన గుట్టల మీద ఎవరూ నాటకుండానే గుంపులు గుంపులుగా పెరిగే ఆ చెట్టు అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాలకు చెందినది. ఎవరూ నాటకపోయినా పెరుగుతున్నంత మాత్రాన అది ఇక్కడిది అయిపోదు. చింత కథ ఇంకా విచిత్రమైనది. దాని శాస్త్రీయ నామం టామరిండస్ ఇండికా. అరబ్బులు దానిని భారతదేశపు ఖర్జూరం అన్నారు, ఆ మాట నుంచే ఆ పేరు వచ్చింది, వెనుక ఇండికా అని మరొకసారి భారతదేశం పేరు చేరింది. ఇన్ని సాక్ష్యాలున్నా చింత సహజంగా పుట్టిన నేల ఉష్ణమండల ఆఫ్రికా. కాబట్టి పేరులో ఊరు ఉన్నంత మాత్రాన ఎండెమిక్ అని నిర్ణయించకూడదు. మన కొండ కొత్తిమీరకు పింపినెల్లా తిరుపతియెన్సిస్ అని పేరు ఉన్నది, అది నిజంగానే ఈ కొండలదే, అయితే ఆ సంగతి పేరును బట్టి తేలినది కాదు, ఇతర కొండలలో వెదికి చూసిన తరువాత తేలినది.

మీ పిల్లలకు చూపించదగినవి ఇంకా ఉన్నాయి. పేరీత అని, కొండ ఈత అని పిలిచే సైకస్ బెడ్డోమై, తెల్ల కరక, కొండ సాంబ్రాణి, మొగి, జాలారి వీటిలో కొన్ని. వీటి పరిధులు ఒకే విధంగా ఉండవు. పేరీత తిరుమల, కడప కొండలు దాటి కనబడదు, ఎర్రచందనం పరిధి అంతకంటే విశాలమైనది. అందువల్ల 'ఇది ఎండెమిక్ మొక్క' అని ఊరుకుంటే వాక్యం పూర్తి కాదు, దేనికి ఎండెమిక్ అన్నది కూడా చెప్పాలి. ఒక కొండకు, ఒక కనుమల శ్రేణికి, ఒక దేశానికి, ఒక ఖండానికి కూడా ఎండెమిక్ కావచ్చు. లీమర్ జంతువులన్నీ మడగాస్కర్ ద్వీపానికి ఎండెమిక్, ఆ ద్వీపమేమో మన ఆంధ్రప్రదేశ్‌కు మూడు రెట్ల కంటే పెద్దది. మీరు చెట్టు దగ్గర నిలబడి 'శేషాచలానికీ, తూర్పు కనుమల దక్షిణ భాగానికీ' అని పరిధిని చెప్పారు, అదే సరైన పద్ధతి.

ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. 'ఇక్కడిదే' అన్నది మన ఎరుకను బట్టి నిలిచే మాట. బంగారు బల్లిని 1870లో బెడ్డోమ్ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు (పేరీత శాస్త్రీయ నామంలో ఉన్నది ఆయన పేరే). చాలాకాలం దానిని తిరుమల కొండలదే అనుకున్నారు. తరువాత తూర్పు కనుమలలో ఇతర చోట్ల, తమిళనాడు కొండలలో, ఒడిశాలో కూడా అది కనిపించింది. దానితో తిరుమల పేరు పక్కనున్న 'ఏ' తొలగిపోయి, తూర్పు కనుమల పేరు పక్కన చేరింది. బల్లి ఎక్కడికీ వలస పోలేదు, మనం వెదికిన మేర పెరిగింది, అంతే.

చివరగా, ఎండెమిక్ అంటే అరుదైనది అని కాదు. తన పరిధిలో విరివిగా పెరిగే ఎండెమిక్ చెట్లు ఉన్నాయి, ప్రపంచమంతటా విస్తరించి ప్రతి చోటా అరుదుగా ఉండే మొక్కలూ ఉన్నాయి. అయితే ఇక్కడ నరికేస్తే మరెక్కడి నుంచీ తిరిగి రావడానికి వీలు లేని స్థితి ఎండెమిక్ జాతికి ఉంటుంది. నేను ఈ కొండల మీద పనిచేయడానికి కారణం అదే.

జవాబు: వైద్యుడు, చిత్తూరు

పంతులుగారూ, మీ సహోద్యోగి చెప్పిన అంతం అన్న వివరణ చాలామంది నమ్ముతున్నదే కాబట్టి దానిని ముందు తొలగించడం మంచిది. ఆ మాటలో ఉన్నది ఎండ్ కాదు. గ్రీకులో 'ఎన్' అంటే లోపల, 'డెమోస్' అంటే జనం లేదా జనముండే నేల. ఆ రెండూ కలిసి ఎండెమిక్ అయింది. 2022 ప్రాంతంలో కరోనా ఎండెమిక్ దశకు వస్తున్నదని వార్తలు వచ్చినప్పుడు, జబ్బు అయిపోయిందని, ఇక భయం లేదని అర్థం చేసుకొని మధుమేహం ఉన్న పెద్దవారు కూడా టీకా మూడో మోతాదు అక్కరలేదని నాతో వాదించారు. ఒక పదాన్ని తప్పుగా విడదీయడం వల్ల ఇంత నష్టం జరుగుతుందని అప్పటిదాకా నేను అనుకోలేదు.

వైద్యంలో ఎండెమిక్ అంటే ఒక ప్రాంతపు జనంలో ఒక వ్యాధి ఎప్పుడూ ఉంటూ, సుమారుగా ఊహించదగిన స్థాయిలో కొనసాగడం. ఆ స్థాయి తక్కువ కావచ్చు, ఎక్కువ కూడా కావచ్చు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి మన దేశంలో మలేరియా ఏటా సుమారు 7.5 కోట్ల మందికి సోకి 8 లక్షల మందిని బలి తీసుకుంటున్నదని అంచనా. అది ఎండెమిక్ వ్యాధే. ఒక ఊళ్ళో మలేరియా ఎంతగా పాతుకుపోయిందో తెలుసుకోవడానికి రెండు నుంచి తొమ్మిదేళ్ళ పిల్లల కడుపు తడిమి, ప్లీహం పెరిగిన పిల్లలు నూటికి ఎందరో లెక్కించేవారు. పది మందికి మించకపోతే తక్కువ ఎండెమిక్ ప్రాంతమని, డెబ్బై ఐదు మందిని దాటితే అత్యధిక ఎండెమిక్ ప్రాంతమని 1950లో నిర్ణయించిన కొలమానం చెప్పేది. ఎండెమిక్ అన్న మాటలో నెమ్మది, సౌమ్యం అన్న భావాలకు చోటు లేదని చెప్పడానికి ఈ కొలమానం ఒక్కటి చాలు.

పరిశోధక విద్యార్థిని చెప్పిన అర్థానికీ మా అర్థానికీ ఉన్న తేడా చూడండి. మలేరియా ఒక జిల్లాలో ఎండెమిక్ అంటే ఆ జిల్లాలో మాత్రమే ఉన్నదని అర్థం కాదు, అదే సమయంలో అది ఆఫ్రికాలోనూ ఎండెమిక్ కావచ్చు. ఆమె 'ఇక్కడిదే' అన్నారు. ఆ వరుసలోనే చెప్పాలంటే మా మాట 'ఇక్కడ ఎప్పుడూ ఉండేది'. మొక్కల విషయంలో 'మాత్రమే' ముఖ్యం, వ్యాధుల విషయంలో 'ఎప్పుడూ' ముఖ్యం.

ఎండెమిక్ వ్యాధి అంటువ్యాధే కానక్కరలేదు. 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో కొన్ని ఊళ్ళవారి పళ్ళు గారపట్టి, నడుములు వంగిపోయి ఉండటానికి నీటిలోని ఫ్లోరైడ్ కారణమని పరిశోధకులు గుర్తించి, దానికి ఎండెమిక్ ఫ్లోరోసిస్ అని పేరు పెట్టారు. మన దేశంలో ఆ వ్యాధిని గుర్తించి ప్రకటించడం అదే మొదలు. అది ఒకరి నుంచి ఒకరికి సోకదు, ఆ నేలలోని నీరు తాగినవారికి వస్తుంది. హిమాలయాల దిగువన అయొడిన్ లేమి వల్ల వచ్చే గొంతువాపును కూడా ఎండెమిక్ గాయిటర్ అనేవారు. ఇటువంటి వ్యాధులను చూసినప్పుడు ఆ మాటకు, నేలకు ఉన్న బంధం బాగా తెలుస్తుంది.

బయటి నుంచి వచ్చిన జబ్బుకూ పాతుకుపోయిన జబ్బుకూ మేము కూడా తేడా చూపిస్తాము. మన దేశంలో పోలియో చివరి కేసు 2011 జనవరిలో నమోదైంది, 2014లో పోలియో రహితమన్న ధ్రువపత్రం వచ్చింది. ఇకమీదట ఎప్పుడైనా పొరుగు దేశం నుంచి ఒక ప్రయాణికుడితో ఆ వైరస్ వచ్చినా, అది వచ్చిన కేసు అవుతుంది, అంత మాత్రాన దేశం తిరిగి ఎండెమిక్ కాదు. సీతాఫలం గురించి ఆమె రాసినది చదువుతుంటే నాకు ఇదే గుర్తుకు వచ్చింది.

జవాబు: భాకరాపేట వాసి

నేను శాస్త్రం చదివినవాడిని కాదు, ఉద్యోగరీత్యా చాలా ఏళ్ళు ఉత్తరాది నగరాలలో ఉండి తిరిగి వచ్చినవాడిని. మా చిన్నతనంలో తలకోన వైపు అడవికి వెళ్ళినప్పుడు మొగిపండ్లు కోసుకొని తినేవాళ్ళము. అవి జామ, నేరేడు లాగా దేశమంతటా ఉండే పండ్లే అనుకున్నాను. మొదటి వేసవిలో అక్కడి పండ్ల బజారులో మొగిపండ్ల కోసం అడిగితే, నేను ఎంత వర్ణించి చెప్పినా ఒక్కరికీ అర్థం కాలేదు. ఆ తరువాత ఎన్ని ఊళ్ళు తిరిగినా ఆ పండు కనబడలేదు. మా నాయనకు ఉత్తరంలో రాస్తే, "మన కొండ పండు అక్కడెందుకు ఉంటుంది?" అని జవాబు రాశాడు. ఆయన ఎప్పుడూ జిల్లా దాటి వెళ్ళినవాడు కాదు, అయినా ఆ సంగతి ఆయనకు తెలుసు. నాకు మాత్రం ఊరు విడిచిన తరువాతనే తెలిసింది. ఇంతకాలానికి దానికి శాస్త్రంలో ఒక పేరు ఉన్నదని ఈ చర్చలో చదివి, చెప్పాలనిపించి రాశాను.

జవాబు: విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు, శ్రీకాళహస్తి

భాకరాపేట సోదరుడు రాసిన నాలుగు వాక్యాలలో ఈ పదం పుట్టుక అంతా ఉన్నది, అందుకని అక్కడి నుంచే మొదలుపెడతాను. ప్రాచీన గ్రీకులో ఎండెమోస్ అంటే మొదట జబ్బూ కాదు, చెట్టూ కాదు. సొంత ఊళ్ళో, సొంత నేల మీద ఉన్న మనిషి అని అర్థం. ఊరు విడిచి వెళ్ళినవాడు ఎక్‌డెమోస్. బయటి నుంచి వచ్చి ఊళ్ళో ఉంటున్నవాడికి, ఊరిమీదికి వచ్చిన దానికి ఎపిడెమోస్ అన్న రూపం వాడేవారు. ఈ మూడు మాటలూ మనుషుల రాకపోకల గురించినవి. హిపోక్రటీసు పేరు మీద వచ్చిన ఎపిడెమిక్స్ అన్న ఏడు సంపుటాల శీర్షికలో కూడా ఊరిమీదికి రావడం అన్న భావమే ప్రధానమని పండితులు చెబుతారు. ఏటేటా ఏ ఊరికి ఏ జబ్బు వచ్చిందో, వైద్యుడు వెళ్ళి ఏమి చూశాడో వాటిలో ఉన్నది.

డెమోస్ అన్న పదాన్ని డాక్టరుగారు జనం లేదా జనముండే నేల అన్నారు. ఈ రెండు అర్థాలూ ఒకే మాటలో ఎలా ఇమిడాయని కొందరికి అనుమానం రావచ్చు. హోమర్ కాలానికి అది ఎక్కువగా ఒక నాడు, ఒక ప్రాంతం అన్న అర్థంలో ఉన్నది, తరువాత అక్కడి ప్రజలు అన్న అర్థం బలపడింది, డెమోక్రసీ అన్న మాటలో ఉన్నది ఆ డెమోసే. ఏథెన్స్ రాజ్యంలో పల్లెలను, పేటలను కూడా డెమోస్ అనే పిలిచేవారు. మనకు ఇది కొత్త కాదు. జనపదం అన్న మాటను చూడండి. జనులు పాదం మోపిన చోటు జనపదం, అందులో జనమూ ఉన్నారు, నేలా ఉన్నది. చరక సంహిత విమానస్థానం మూడవ అధ్యాయం ఊళ్ళకు ఊళ్ళనే తుడిచిపెట్టే వ్యాధుల గురించినది, దాని పేరు జనపదోద్ధ్వంసనీయం. గాలి, నీరు, దేశం, కాలం అనే నాలుగూ చెడినప్పుడు వేరువేరు దేహతత్త్వాలు ఉన్నవారు కూడా ఒకేసారి ఒకే జబ్బున పడతారని అందులో ఉన్నది. గ్రీకు వైద్యుడూ మన వైద్యుడూ వ్యాధిని జనముండే నేల పేరుతోనే పిలిచారు. ఒకరిని చూసి ఒకరు చేశారని నేను అనడం లేదు, ఇద్దరికీ ఎదురైన సమస్య ఒకటే అయినప్పుడు ఇద్దరి భాషలూ ఒకే వైపు నడిచాయని మాత్రమే అంటున్నాను.

ఆ మాట ఫ్రెంచి ద్వారా పదిహేడవ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు అది వైద్యుల మాటే. మొక్కల దగ్గరకు అది వెళ్ళినది 1820లో. జెనీవాకు చెందిన వృక్షశాస్త్రవేత్త ఆగస్తిన్ పిరామ్ ద కాందోల్, మొక్కల భూగోళం మీద రాసిన వ్యాసంలో, కొన్ని ప్రజాతుల, కుటుంబాల మొక్కలన్నీ ఒకే దేశంలో పెరగడం తనకు అన్నిటికన్నా అంతుబట్టని విషయమని చెప్పి, వైద్యుల పరిభాషతో పోల్చి వాటిని ఎండెమిక్ అని పిలుస్తానని స్పష్టంగా రాశాడు. ప్రపంచమంతా చెదిరి ఉన్నవాటిని అదే పోలికతో స్పొరాడిక్ అన్నాడు, అదీ వైద్యుల మాటే, అక్కడక్కడ చెదురుగా వచ్చే జబ్బులకు వాడేది. డార్విన్ జాతుల పుట్టుక గురించి రాసిన పుస్తకం వెలువడటానికి ఇంకా 39 ఏళ్ళు ఉన్నాయి కనుక కాందోల్‌కు అది అంతుబట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు.

కాబట్టి పంతులుగారూ, చెట్టుకు జబ్బా అని అడిగిన ఆ పిల్లవాడిని దయచేసి మళ్ళీ పిలిచి, నీవు తప్పుగా అడగలేదని చెప్పండి. ఎర్రచందనానికి జబ్బు లేదు, కానీ దానికి తగిలించిన మాట జబ్బు దగ్గరి నుంచి వచ్చినదే. రెండు వందల ఏళ్ళ కిందట ఒక శాస్త్రవేత్త కలిపిన ముడిని ఆ పిల్లవాడు ఒక్క ప్రశ్నతో పట్టుకున్నాడు.

ఇక తెలుగు మాట. స్థానికం అన్నది హిందీలో ఈ అర్థంలో స్థిరపడింది, అది చూసి మనవారూ తీసుకున్నారని నా ఊహ. కానీ మన వాడుకలో స్థానికం అంటే 'ఇక్కడిది' వరకే, 'ఇక్కడిదే' దాకా పోదు. స్థానీయం అన్నా అంతే. దేశీయం అసలు సరిపోదు, దేశవాళీ వంకాయ దగ్గర ఆగిపోతుంది. మన వ్యాకరణంలో ఆ చివరి 'ఏ'ని అవధారణార్థకం అంటాము, ఇతరమైనవాటిని తోసిపుచ్చి ఒక్కదానినే నిర్ధారించడం దాని పని. ఆ పని చేసే సమాసం కావాలి. మరాఠీవారు ప్రదేశనిష్ఠ అన్న మాట వాడతారు, అది నాకు ఎంతో నచ్చింది. ఎర్రచందనం శేషాచల ప్రదేశనిష్ఠమైన చెట్టు అంటే చెవికి బాగుంటుంది, అర్థమూ చెడదు.

ప్రశ్న వేసినవారి మాట: చంద్రగిరి బడిపంతులు

అందరికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. ఆ పిల్లవాడికి ఈ రోజే చెప్పాను, వాడి ముఖం చూసి ఉంటే మీరూ సంతోషించేవారు. ఇంకా రెండు చిన్న సందేహాలు మిగిలాయి. మొదటిది, మన పుంగనూరు ఆవును కూడా ఎండెమిక్ అనవచ్చునా అని ఆ తరగతిలోనే ఒక అమ్మాయి అడిగింది. రెండవది, నా దగ్గరున్న పాత పుస్తకంలో కొన్ని మొక్కలు 'చిత్తూరు జిల్లాకు ఎండెమిక్' అని ఉన్నాయి. అవే చోట్లు 2022 నుంచి తిరుపతి జిల్లాలో ఉన్నాయి. ఇప్పుడు ఆ వాక్యాన్ని దిద్దుకోవాలా?

జవాబు: వృక్షశాస్త్ర పరిశోధక విద్యార్థిని, తిరుపతి

పుంగనూరు ఆవు గురించి ఆ అమ్మాయి మంచి ప్రశ్న అడిగింది. అది ఒక జాతి కాదు, పశువుల జాతిలో మనుషులు తరతరాలుగా ఎంచి పెంచిన ఒక రకం. ఎండెమిక్ అన్న మాటను సహజంగా ఏర్పడిన జాతులకు, ఉపజాతులకు, ప్రజాతులకు వాడతాము. మనిషి పెంపకంతో రూపుదిద్దుకున్నవాటికి వాడము. దానికి దేశవాళీ రకం అన్న మాటే సరైనది, దానివల్ల ఆ ఆవు విలువ ఏమీ తగ్గదు.

జిల్లా విషయంలో తప్పకుండా దిద్దుకోండి, ఇంకా మంచిది ఏమిటంటే జిల్లా పేరు మానేసి కొండ పేరు రాయించండి. మొక్కకు జిల్లా సరిహద్దుతో సంబంధం లేదు. దానికి సంబంధం ఉన్నది నేలతో, రాయితో, వానతో. ఎర్రచందనం క్వార్ట్‌జైట్ రాళ్ళ మీది పలుచని మట్టిలో, ఎండిన వాలుల మీద పెరుగుతుంది. తీసుకుపోయి వేరే రాష్ట్రంలో తోట వేసినా బతుకుతుంది, అయితే తోటలో నాటినందువల్ల దాని సహజ పరిధి మారదు కాబట్టి అది ఎండెమిక్‌గానే ఉంటుంది. ఇక్కడ ఒక పొరపాటు నేనూ చేశాను, మీరు చేయకండి. సైకస్ కుటుంబపు శిలాజాలు డైనోసార్ల కాలం నాటి నుంచీ దొరుకుతున్నాయి కాబట్టి పేరీత కూడా కోట్ల ఏళ్ళ నాడు ప్రపంచమంతటా ఉండి, చివరికి ఈ కొండల మీద మిగిలిన చెట్టు అని పిల్లలకు చెప్పేదాన్ని. 2011లో వెలువడిన జన్యు పరిశీలన, ఆ కుటుంబం పాతదే అయినా ఇప్పుడున్న జాతులలో ఎక్కువ భాగం గత 1.2 కోట్ల ఏళ్ళలోనే విడిపోయినవని చూపింది. ఎండెమిక్ జాతులలో ఒకప్పుడు విస్తరించి ఇప్పుడు కుంచించుకుపోయినవి ఉన్నాయి, పుట్టిన చోటు నుంచి ఇంకా వ్యాపించనివీ ఉన్నాయి. పేరీతను మొదటి వరుసలో చేర్చడానికి కుటుంబం వయసు ఒక్కటే ఆధారం కాదు.

అధ్యాపకురాలమ్మా, ప్రదేశనిష్ఠ విషయంలో ఒక చిన్న అభ్యంతరం. నిష్ఠ అంటే మా పిల్లలకు ఉపవాసం, నియమం గుర్తుకు వస్తాయి. చెట్టు ఏదో వ్రతం పట్టి అక్కడే ఉన్నట్టు అనుకుంటారేమో.

జవాబు: విశ్రాంత తెలుగు అధ్యాపకురాలు, శ్రీకాళహస్తి

అమ్మాయీ, వస్తునిష్ఠ, వ్యక్తినిష్ఠ అన్న మాటలను మన విమర్శకులు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నారు, వాటిలో వ్రతం లేదు, దానిని ఆశ్రయించి ఉండటం అన్న అర్థమే ఉన్నది. పెద్ద తరగతులలో, వ్యాసాలలో ప్రదేశనిష్ఠ వాడవచ్చునని ఇప్పటికీ అంటాను. తొమ్మిదో తరగతి పిల్లల ముందు మాత్రం నీ 'ఇక్కడిదే'ను మించినది లేదు. పంతులుగారు తరువాతిసారి వెళ్ళేటప్పుడు చెట్టుకు కట్టే అట్ట మీద "ఎర్రచందనం. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండలదే" అని రాయించి, ఎండెమిక్ అన్న మాటను దాని కింద వేయిస్తే సరిపోతుంది.

జవాబు: వైద్యుడు, చిత్తూరు

ప్రదేశనిష్ఠ మొక్కలకే ఉంచండి, జబ్బులకు వాడవద్దని నా మనవి. మలేరియాను ప్రదేశనిష్ఠ వ్యాధి అంటే, అది మా ఊరి జబ్బే, మీ ఊరికి రాదు అనుకునే ప్రమాదం ఉన్నది. రోగులతో నేను 'ఊళ్ళో పాతుకుపోయిన జబ్బు' అంటాను, అది వారికి వెంటనే అర్థమవుతుంది, దోమతెర కట్టుకోవడం మానరు.